నలుగురూ మొయ్యక్కర్లేదు

మన తెలుగువాళ్ళకి జాలిగుండె ఎక్కువ. ఈ మాట నేను వెటకారానికి అనడం లేదు. చక్రాల కుర్చీలో బజారుకి బయల్దేరితే, వీధి చివరికి చేరేలోగా నా ఖాతాలో కనీసం నాలుగు "అయ్యో పాపం"లు, రెండు "ఏ జన్మలో ఏం చేసుకుందో"లు, ఒక "పెళ్ళయిందా అమ్మా?" జమ అవుతాయి. ఒకసారి గుడి ముందు ఆగి పూలు బేరమాడుతూ ఉంటే, ఎవరో మహానుభావుడు నా ఒళ్ళో పదిరూపాయల నోటు పడేసి, దణ్ణం పెట్టుకుని మరీ వెళ్ళాడు. పూలమ్మే పిల్ల నవ్వాపుకోలేక ఒక మూర ఎక్కువ కొలిచింది.

ఇంత దయగల జనం మధ్య బతుకుతూ ఇంకా నీకు లోటేమిటమ్మా అంటారేమో. లోటు ఒక్కటే. ఆ వీధిలో నేను లోపలికి వెళ్ళగలిగిన కొట్టు ఒక్కటి లేదు. బ్యాంకుకి అయిదు మెట్లు. మందుల షాపుకి మూడు. చీరల కొట్టుకి ఏడు, అవీ పాలరాతివి. పోస్టాఫీసుకి రెండే గానీ, ఆ రెండూ కలిసి నాలుగు పెట్టు.

జాలికి ఖర్చు లేదు. సిమెంటుకి ఖర్చుంది. అంచేత మనవాళ్ళు సిమెంటు పొయ్యాల్సిన చోటల్లా జాలి పోసి చేతులు దులుపుకుంటున్నారు. ఇవాళ నా తగువు దీని గురించే.

ముందు నా కుర్చీ సంగతి చెప్పాలి. నాకు రెండో ఏట పోలియో వచ్చింది. ముప్ఫయ్యేళ్ళు వచ్చేదాకా కాళ్ళకి కాలిపర్లు, చంకల్లో కర్రలు. దాన్ని నడక అనేవాళ్ళు. వంద గజాలు వెళ్ళి పది నిమిషాలు ఆయాసం తీర్చుకునే ఆ నడకతోనే బి.ఏ. గట్టెక్కాను. చివరికి భుజాలు మొరాయించాయి. చక్రాల కుర్చీ కొనుక్కున్నాను. కబురు తెలిసి మా పెద్దమ్మ ఫోనులో భోరుమంది, "ఆఖరికి కుర్చీపాలయ్యావా తల్లీ!" అని. ఆ ఫోను వచ్చేసరికి నేను ట్యాంక్‌బండ్ మీద ఉన్నాను. ఒళ్ళో వేడివేడి మొక్కజొన్న పొత్తు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ కట్ట మీద ఈ కొస నించి ఆ కొసకి, ఎవరి భుజమూ పట్టుకోకుండా వెళ్ళాను. ఇదేనా కుర్చీపాలవడం?

"కుర్చీకి అతుక్కుపోయింది" అంటారు. మీరెప్పుడైనా చెప్పులకి అతుక్కుపోయారా? మే నెల మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా తారురోడ్డు మీద ఎంతదూరం వెళ్తారు? కళ్ళజోడు తీసేస్తే మీలో ఎంతమందికి ఈ పేజీలో అక్షరాలు ఆనతాయి? చెప్పులు మిమ్మల్ని ఎంత కట్టేశాయో, నా కుర్చీ నన్ను అంత కట్టేసింది. ఆ మాటకొస్తే మడతపెట్టే చక్రాల కుర్చీ ప్రచారంలోకి వచ్చిందే ప్రయాణాల కోసం. 1930లలో అమెరికాలో హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే ఆయన, గని ప్రమాదంలో నడుం దెబ్బతిన్న మనిషి, అప్పటి బండ కుర్చీలు కారులో పట్టక, హ్యారీ జెన్నింగ్స్ అనే ఇంజనీరు స్నేహితుడితో కలిసి ఉక్కు గొట్టాలతో మడిచే కుర్చీ తయారుచేసుకున్నాడు. ఇంట్లో మూల కూర్చోడానికైతే దానికి మడత దేనికి, చక్రాలు దేనికి? ముక్కాలిపీట చాలదూ!

చక్రాల కుర్చీకి గౌరవం దక్కే చోటు మన దేశంలో ఒకటుంది. విమానాశ్రయం. కూతురి పురిటికో కోడలి పురిటికో అమెరికా వెళ్ళే మన అమ్మల్ని, అత్తగార్లని చూడండి. ఇంగ్లీషు రాదు, దారి తెలీదు, మధ్యలో విమానం మారాలి. "కుర్చీ అడిగితే వాళ్ళే గేటు దాకా తీసికెళ్తారమ్మా" అని పిల్లలు ముందే రాయించేస్తారు. కంచిపట్టు చీర కట్టుకుని, ఒళ్ళో ఆవకాయ సంచీ పెట్టుకుని, మహారాణుల్లా ఊరేగుతూ వెళ్తారు. ఆ కుర్చీ ఎక్కినందుకు ఒక్కరూ ఏడవగా నేను చూడలేదు. కుర్చీ నిజంగా అవసరమైనవాళ్ళు వెనక కాసుకుని కూర్చోవాల్సి వస్తుందన్న మాట అలా ఉంచండి. నేనడిగేది ఒకటే. విమానాశ్రయంలో వైభోగమైన కుర్చీ, మా వీధిలోకి వచ్చేసరికి కర్మఫలం ఎలా అయింది? కుర్చీ అదే. మారింది నేల. అక్కడ నేల నున్నగా, మెట్టన్నది లేకుండా ఉంది. దౌర్భాగ్యం కుర్చీలో లేదు, మెట్టులో ఉంది. నేను చెప్పదల్చుకున్నది అంతా కలిపి ఈ ఒక్క ముక్కే.

ఆ నున్నటి దారి కూడా ఎవరూ జాలిపడి వెయ్యలేదు. జావేద్ ఆబిదీ అని ఢిల్లీలో ఉండేవాడు, 2018లో పోయాడు. తనూ చక్రాల కుర్చీలో తిరిగిన మనిషే. మమ్మల్ని బస్తాల్లా ఎత్తి విమానంలో పడెయ్యడం ఏమిటని సుప్రీంకోర్టుకెక్కాడు. 1998లో తీర్పు వచ్చింది. విమానం నడవలో పట్టే సన్నకుర్చీలు, కుర్చీతో సహా మనిషిని విమానం తలుపు దాకా లేపే బండ్లు, ఇవన్నీ ఆ పోరాటం వల్ల కదిలినవే. ఈసారి మీ అత్తగార్ని ఎక్కించేటప్పుడు ఆయన్ని ఒకసారి తలుచుకోండి.

"అంత అవస్థపడి ఊళ్ళు తిరక్కపోతేనేం? టీవీలో అన్నీ చూపిస్తున్నారుగా" అంటుంది మా వదిన. టీవీలో పెసరట్టు వెయ్యడం కూడా చూపిస్తున్నారు. అలాగని వదిన వంటింటికి తాళం వెయ్యలేదు. నవలలు రాసేదాన్ని కనక నాలుగు ఊళ్ళూ చూడాలని నేనొక కారణం చెప్పచ్చు. చెప్పను. మీరు కాశీకో ఊటీకో వెళ్తూ ఎవరికైనా సంజాయిషీ ఇచ్చుకున్నారా? చూడాలనిపించింది, వెళ్ళారు. నాకూ అంతే.

రైల్లో మాకు రాయితీ ఉంది. స్లీపరు, మూడో ఏసీల్లో నూటికి 75 వంతులు, రెండో ఏసీ, మొదటి ఏసీల్లో 50. తోడొచ్చే మనిషికీ అంతే. సంతోషం. కానీ షరతు చూడండి. "తోడు లేకుండా ప్రయాణం చెయ్యలేని" వాళ్ళకే అది. అంటే నేను ఒంటరిగా వెళ్ళలేనని డాక్టరుగారు ముద్ర కొట్టి రాసిస్తేనే నాకు టిక్కెట్టు చవక. "ఆడపిల్లవి, ఒక్కదానివే ఎలా వెళ్తావ్?" అన్న మాట మీరు ఇరవయ్యో ఏట విని ఉంటారు. పెళ్ళీ పిల్లలూ అయ్యాక మీకది తగ్గిపోయి ఉంటుంది. నాకు నలభై ఆరో ఏట కూడా, సర్టిఫికెట్టుతో సహా వినిపిస్తూనే ఉంది.

ఈ "తోడు" పిచ్చి ఎంతదాకా పోయిందో చూడండి. 2012లో జీజా ఘోష్ అనే ఆవిణ్ణి, సెరిబ్రల్ పాల్సీ ఉందన్న కారణంతో, ఎక్కి కూర్చున్న విమానంలోంచి దింపేశారు. ఆవిడ కలకత్తా నించి గోవా వెళ్తున్నది వికలాంగుల విషయమై జరిగే సదస్సుకే! 2016లో సుప్రీంకోర్టు ఆవిడకి పది లక్షల పరిహారం ఇప్పించింది. డబ్బు వచ్చింది గానీ సదస్సు తిరిగొచ్చిందా?

రైలు సంగతికొస్తే, చాలా ఎక్స్‌ప్రెస్ బళ్ళలో మాకోసం వెడల్పు తలుపున్న అర ఒకటి, గార్డు పెట్టెలో కలిసి, బండికి ఈ కొసనో ఆ కొసనో ఉంటుంది. తలుపు వెడల్పే. ప్లాట్‌ఫారం నించి పెట్టెలోకి ఎత్తు మాత్రం మామూలే. ఇక బాత్‌రూముల సంగతి. ప్రయాణం రోజు పొద్దుటినించీ నేను మంచినీళ్ళు ముట్టను. ఈ విద్య మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. బస్సు ప్రయాణమంటే నోరు కట్టుకునే ఆడది మన దేశంలో ఇంటికొకతి ఉంది. మీరు ఆరు గంటలు కట్టుకుంటే నేను పదహారు గంటలు కట్టుకుంటాను. అంతే తేడా.

అన్నిటికంటే నాకు ఒళ్ళుమండేది ఇంకొకటుంది. హోటలు గుమ్మంలో, కల్యాణమంటపం ముందు, పుస్తకావిష్కరణ సభ దగ్గర, ఎక్కడికి వెళ్ళినా అదే మాట. "మెట్లున్నాయని దిగులెందుకు మేడమ్! నలుగురం ఉన్నాం, కుర్చీతో సహా లేపేస్తాం." వాళ్ళు మంచివాళ్ళే. కానీ ఒక్కసారి ఆలోచించండి. చీర కట్టుకున్న ఆడమనిషిని నలుగురు పరాయి మగవాళ్ళు, ఒకరు కాళ్ళ వైపు, ఒకరు నడుం దగ్గర పట్టుకుని, "ఒరే, అటు ఒరుగుతోందిరా" అంటూ మొయ్యడం. బస్సులో పక్క సీట్లో మగవాడు కూర్చుంటే ముడుచుకు కూర్చోమని నేర్పిన పెద్దలే ఇక్కడ "పర్లేదులే అమ్మా, అన్నదమ్ముల్లాంటివాళ్ళు" అంటారు. కాళ్ళు పనిచెయ్యనంత మాత్రాన ఒంటికి సిగ్గుండదా? నలుగురూ మోసుకెళ్ళే ప్రయాణం ప్రతివాళ్ళకీ ఒకటి ఉండనే ఉంది. దానికింకా టైముంది. అందాకా నన్ను నా చక్రాల మీద వెళ్ళనివ్వండి.

ఇక మెచ్చుకునేవాళ్ళు వేరే ఉన్నారు. "మయూరి సినిమా చూశారా అండీ? కాలు పోయినా ఎలా నాట్యం చేసిందో!" చూశాను. సుధాచంద్రన్‌కి చేతులెత్తి నమస్కారం. కానీ రెండు కాళ్ళూ ఉన్న మీలో ఎంతమంది కూచిపూడి ఆడుతున్నారు? నేనెప్పుడైనా అడిగానా? బ్యాంకులోకి వెళ్ళి నా డబ్బు నేను తెచ్చుకోడానికి ముందు నాట్యం చేసి చూపించాలా? మా సినిమాలూ సీరియళ్ళూ చక్రాల కుర్చీని రెండే పనులకి వాడతాయి. దుర్మార్గురాలైన అత్తకి ఆఖరి ఎపిసోడ్లో శిక్షగా, లేకపోతే హీరో పతాకసన్నివేశంలో ఆవేశంతో లేచి నిలబడ్డానికి. కుర్చీలో కూర్చుని పాలవాడి లెక్క చూసుకుంటూ, మధ్యాహ్నం కునుకు తీస్తూ, సాయంత్రం మిరపకాయ బజ్జీలు తింటూ హాయిగా బతికే ఆడది వాళ్ళ కంట పడదు. నేను అదే.

సాకుల మాట చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తికాదు. చేతకాని కారణాన్ని మనవాళ్ళు "కుంటిసాకు" అంటారు. ఎందుకలా అన్నారో నాకు తెలీదు. మన దేశంలో సాకంత చక్కగా నడిచేది ఇంకోటి లేదు.

మొదటి సాకు, "మీలాంటివాళ్ళు ఇక్కడికి ఎవరొస్తారండీ?" అని. మెట్లు కట్టి, రాలేదంటారేం? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2.68 కోట్లు. అందులో కదలిక ఇబ్బంది ఉన్నవాళ్ళే సుమారు 54 లక్షలు. వాళ్ళంతా ఎక్కడున్నారంటారా? మెట్లకి ఆ పక్కన, ఇళ్ళల్లో.

రెండో సాకు, "పోలియో పోయిందిగా" అని. పోయింది. 2011 జనవరి తరవాత మన దేశంలో సహజ పోలియో వైరస్ కేసు రాలేదు, 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట ధ్రువీకరించింది కూడా. నా పాట్లు ఇంకో పిల్లకి లేవు, అంతకన్నా ఏం కావాలి? కానీ లారీలు పోయాయా? పక్షవాతం పోయిందా? ముసలితనానికి టీకా కనిపెట్టారా?

మూడోది, "పాత కట్టడాలండీ, ఏం చెయ్యలేం" అని. 2001 జనవరిలో స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీ వచ్చి కుతుబ్‌మీనారు వగైరా చూస్తానన్నాడు. ఇందాకటి ఆబిదీ, ఆయన మిత్రులూ గొడవ చేస్తే ఆ కట్టడాల దగ్గర తాత్కాలికంగా చెక్క వాలుదారులు వెలిశాయి. శతాబ్దాలుగా కుదరనిది అతిథి వస్తున్నాడనేసరికి కుదిరింది. చుట్టం వస్తే తీసే వెండిగ్లాసులాగా! ఇంట్లోవాళ్ళం మేం ఏ గ్లాసుతో తాగాలి?

నాలుగోది చట్టం సాకు. 1995లో చట్టం చేశారు, వాలుదారులు పెట్టాలన్నారు, "ఆర్థిక స్తోమత మేరకు" అని తోక తగిలించారు. తోక ఉన్నాక ఇంకేం కావాలి! 2016లో కొత్త చట్టం వచ్చింది. పాత ప్రభుత్వ భవనాలన్నీ అయిదేళ్ళలో సరిచెయ్యాలంది. 2017 నించి లెక్కేసినా ఆ గడువు 2022తో తీరిపోయింది. మా వీధి పోస్టాఫీసు మెట్లు ఆ సంగతి విన్నట్టు లేవు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, ఈ నిబంధనలు ఆజ్ఞల్లా కాక సలహాల్లా ఉన్నాయని మందలించి, తప్పనిసరి నిబంధనలు రాయమంది. ఆ తీర్పుకి ఆధారంగా దేశం నలుమూలల పరిస్థితి పరిశీలించి నివేదిక ఇచ్చింది మన హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయంవారే. మధ్యలో 2015 చివర్లో మాకో కొత్త పేరు పెట్టారు, "దివ్యాంగులు" అని. పేరు మారింది, మెట్టు మారలేదు. నన్ను కుంటిదన్నా పర్లేదు, దివ్యమన్నా పర్లేదు, దారి ఇవ్వండి చాలు.

చెయ్యాలనుకుంటే చేతకానిదేం కాదు. ఢిల్లీ మెట్రో 2002లో మొదలైంది. లిఫ్టులున్నాయి, ప్లాట్‌ఫారమూ పెట్టె నేలా ఒకే మట్టాన ఉంటాయి. 2017లో మొదలైన మన హైదరాబాదు మెట్రోకీ లిఫ్టులున్నాయి. చెన్నై మెరీనాలో 2022 నవంబరులో ఇసక మీదుగా సముద్రం వైపు, 200 మీటర్లకి పైగా చెక్కబాట వేశారు. మరుసటి నెలలోనే మాండూస్ తుఫాను దాన్ని విరగ్గొడితే మళ్ళీ బాగుచేశారు. ఆ బాట మీద నేను వెళ్ళాను. నా పక్కన కుర్చీలో ఒక పెద్దావిడ, తెలుగావిడే. మైలాపూరులో ఉంటుందిట. "మా మేడ మీదికి అలల చప్పుడు వినిపిస్తుందమ్మా. చూసి తొమ్మిదేళ్ళయింది" అంది. ఆవిడకి దయగల మనవడు లేక కాదు. ఉన్నాడు, వెనకే నిలబడి ఉన్నాడు. తొమ్మిదేళ్ళూ లేనివి చెక్కలు.

ప్రభుత్వాన్ని తిట్టడం తేలిక. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇప్పుడు మీ ఇంటికొద్దాం. గేటు దగ్గర స్కూటరు ఎక్కడానికి వాలు కట్టించారు, ఉందా లేదా? కారుకైతే ఇంకా విశాలంగా కట్టించారు. పెట్రోలు తాగే ప్రాణికి వాలు, కాఫీ తాగే ప్రాణికి మెట్లూనా? లెక్క చాలా తేలిక. అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. పన్నెండు అంగుళాల అరుగుకి పన్నెండు అడుగుల వాలు. అంతకు తక్కువైతే అది వాలుదారి కాదు, జారుడుబల్ల. తలుపు మూడడుగులు ఉండాలి. ఇరవై లక్షల టేకు ఫర్నిచరు చేయించి, బాత్‌రూము తలుపు దగ్గరికొచ్చేసరికి రెండున్నర అడుగులతో సరిపెడతారేం? గడపకి పసుపు రాయొద్దని నేననను. అర అంగుళం గడప కూడా లక్షణంగా పసుపు పూయించుకుంటుంది. మెట్టుమెట్టుకీ బొట్టుపెట్టి తిరుమల ఎక్కడం మొక్కు. మందుల షాపుకి వెళ్ళడానికి నేనేం మొక్కుకోలేదు.

ఇదంతా నాకోసమే అడుగుతున్నాననుకుంటే పొరబాటు. మీ అత్తగారు ఆర్నెల్లుగా గుడికి రానంటోందా? భక్తి తగ్గి కాదు, వీధిమెట్టు దిగలేక. మీ అమ్మ మీ ఇంటికొస్తే రెండోరోజే వెళ్ళిపోతానంటోందా? అల్లుడి మీద కోపం కాదు, మీ బాత్‌రూము గట్టంటే భయం. వాళ్ళు నోరు విప్పి చెప్పరు. "ఓపిక లేదులేమ్మా" అంటారు. మోకాళ్ళు మీకూ ఉన్నాయి. అవి మీతోపాటే పెద్దవవుతున్నాయి.

పేరంటానికి పిలుస్తూ "మీరు తప్పకుండా రావాలి" అంటారు. వస్తాను. పిలవబోయే ముందు ఒక్కసారి వీధిలోకి వెళ్ళి మీ గుమ్మం మెట్లు లెక్కపెట్టి రండి. ఎన్నున్నాయో దాచకుండా చెప్పండి. "మావాళ్ళు నలుగురున్నారు, లేపుకొస్తారు" అని మాత్రం అనకండి. ఆ నలుగురి చేతా ఒక్క పూట ఇసక మోయించండి. ఆ తరవాత నన్నెవరూ మొయ్యక్కర్లేదు.